పదునెనిమిదవ పర్యాయపదము

రోహిణీకార్తె ప్రచండతాపమునకు గౌతమీనదీపాయ కృశించి యిసుకతిన్నెల నడుమ సన్నని ధారయై మిగులగా, నైరృతిదిక్కున దినదినము నల్లనగుచున్న గగనతలమును గాంచి పశువులు మోరలెత్తి గాలి నాఘ్రాణించుచుండగా, జనులు తొలకరి వచ్చునని సంతసించుచు నప్పుడే వచ్చునేమోయని వెఱచుచు నుండు నా దినములలో, కోనసీమయందలి వేదుళ్ళలంక యను గ్రామమున తాటియాకుల గలగలలు దక్క వేఱు చప్పుడు వినరాకుండెను. ఆ లంకలోని యిండ్లన్నియు తాటియాకు టిండ్లే. మృగశిర ప్రవేశింపక మునుపే ప్రతి గృహమును క్రొత్తయాకు కప్పుకొనవలసినదే.

ఆ గ్రామమున చిర్రావూరి యజ్ఞన్నశాస్త్రులవారను పండితులు కలరు. తర్కవ్యాకరణాలంకారశాస్త్రపారావారపారీణులే కాని కాలిచెప్పు వారు తెగినచో దానిని తగిలించుకొను విధ మెఱుగనివారు. పట్టణమునందలి పాఠశాలాధికారియగు దొరగారి ప్రార్థనమున నాంగ్లపదములకు తెనుగర్థములు గూర్చు నిఘంటుకార్యమున కెనిమిదేండ్ల క్రిందట గడంగి, ఒక్కొక్క పదమున కొక్కొక్క చీటి చొప్పున వ్రాసి, ఆ చీటులను పదునాలుగు వెదురుబుట్టలలో సర్ది యటుకపై నిలిపి, సంతానము లేని యా దంపతుల కవియే సంతానమన్నట్లు చూచుకొనుచుండిరి.

ఒకనాటి ప్రాతఃకాలమున వారి వ్రాతబల్లపై నున్న పదము హెల్పు. ఒకనివలన గాని పనిలో మఱియొకడు పాలుపంచుకొనుట యని దొరగారు దాని భావమును విశదపఱచి పంపిరి. శాస్త్రులవారు ఉత్తరీయము సవరించుకొని సహాయము, సాహాయ్యము, ఉపకారము, తోడు, తోడ్పాటు, చేదోడు, బాసట, ప్రాపు, దన్ను, అండ, ఊత, ఆసరా యని మొదలిడి పదునేడు పర్యాయపదములను గ్రుచ్చి యెత్తి, ఇక నీ పదమున కీ భూమండలమున నెవ్వడును మఱియొక్కటి చేర్పజాలడని సంతృప్తితో భార్యకు చదివి వినిపించిరి.

వాకిట బియ్యము చెఱుగుచున్న త్రిపురాంబ విని, "బిందె ఎత్తుకోవడానికి ఓ చెయ్యి వెయ్యమంటాం కదండీ, అది రాశారా?" అని యడిగెను.

"అది గ్రామ్యము. నిఘంటువున దానికి చోటు లేదు."

"నిఘంటువులో చోటు సంగతి అలా ఉంచండి. అటక మీద పడుకుంటే ఆకాశం కనబడుతోంది. అది చూశారా?"

శాస్త్రులవారు తలయెత్తి చూచిరి. వైశాఖమున వీచిన గాలిదుమారమునకు కప్పు మూడుచోట్ల చినిగి, సూర్యకిరణములు తిన్నగా బుట్టలపై పడుచుండెను. ఎండ పడిన చోట వాన పడకుండునా? ఎనిమిదేండ్ల కృషి యొకేయొక జల్లునకు ముద్దయగునని తోచినంతనే యాయన వ్రాతబల్ల విడిచి లేచి నిలిచిరి.

ఆ లంకలో కప్పు నేయుట కొక కట్టుబాటు కలదు. కూలికి నేయువారు లేరు. ప్రతి యింటినుండియు నొక మనిషి తక్కినవారి కప్పులకు పనిచేయును, అందఱును వంతుచొప్పున వచ్చి యొక్క దినములో నాతని యిల్లు నేసి పోవుదురు. మగదిక్కు లేని యాడువారు సైతము కుండెడు మజ్జిగ తెచ్చి పోసి వంతు నిలుపుకొందురు. శాస్త్రులవారి తండ్రినాటినుండి యింట నున్న పాలికాపు చుక్కయ్య గడచిన పుష్యమాసమున కాలధర్మము నొందెను. అతడుండగా నేటేట కప్పు క్రొత్తదగుట మామిడి పూచుటవలె దానంతటదియే జరుగునని శాస్త్రులవారి నమ్మకము.

"అబ్బులుని అడగండి. అడిగితే తప్పేముందీ?" అని త్రిపురాంబ పలికెను.

నల్లా అబ్బులు వంతులు నిర్ణయించు పెద్దకాపు. నాడు కప్పు నేయుచున్నది యాతని యింటనే. శాస్త్రులవారు జన్మమున నొకరి నేమియు నడిగి యెఱుగరు గనుక త్రోవపొడుగునను తగిన మాట వెదకికొనుచు నడచిరి. సాహాయ్యము చేయుడన్నచో రాజు మఱియొక రాజును సైన్య మడిగినట్లుండెను. ఉపకార మన్నచో జోలె పట్టినట్లుండెను. ప్రాపు గోరెదనన్నచో కృతి నంకితమిచ్చుటకు వచ్చినట్లును, దన్నుగా నిలువుడన్నచో తగవునకు బిలిచినట్లును దోచెను. ఆసరా యనుకొనగా చేతికఱ్ఱ జ్ఞప్తికి వచ్చెను. ఉదయమున చీటిపై రత్నములవలె మెఱసిన పదునేడు పదములలో నొక్కటియు నోటికి సరిపడలేదు. ఆ వెదకులాటలోనే శాస్త్రులవారు అబ్బులింటి ముంగిటికి జేరిరి.

అచ్చట నిరువదిమందికి పైగా పనిలో తలమునకలై యుండిరి. పైన వాసములపై గూర్చున్నవారు నారతో ఆకు బిగించుచుండిరి, నిచ్చెనపై నున్నవాడు ఆకందించుచుండెను. నిచ్చెనక్రింద నిలువవలసినవాడు నీరు త్రాగబోయెను కాబోలు, ఆ చోటు శూన్యముగా నుండెను. కప్పుపైనుండి యొకడు క్రిందికి సరిగా జూడకయే, "ఎవర్రా అక్కడ? దిష్టిబొమ్మలాగా నిలబడ్డావేంటి, ఓ సెయ్యెయ్యెహె!" యని కేకవేసెను.

శాస్త్రులవారు వెనుకకు దిరిగి చూచిరి. అచ్చట మఱెవ్వరును లేరు. ఒక్క క్షణము తడబడి, ఉత్తరీయము నడుమునకు బిగించి, వంగి యొక యాకు నెత్తి పైకందించిరి. అది మాయమైనంతనే మఱియొకటి కావలెనని చేయి క్రిందికి సాచబడెను. ఇంకొకటి, ఆపై నింకొకటి. తాటిమట్టల ఱంపపుటంచులు వ్రేళ్ళను కోయుచున్నను, చెమట కన్నులలోనికి జాఱుచున్నను, తాను వచ్చిన పని యేదియో యాయన మఱచిరి. పాతికయాకు లందించునప్పటికి పైవాని చేయి యెప్పుడు దిగునో శాస్త్రులవారి చేతికి దానంతట దెలియుచుండెను. అట్టి యానంద మాయన యే సూత్రమునకు వ్యాఖ్యానము వ్రాసినప్పుడును బొందియుండలేదు.

జాము గడచిన పిమ్మట అబ్బులు పెరటినుండి వచ్చి చూచి కొయ్యబాఱెను.

"అయ్యబాబోయ్! ఆకందిత్తున్నది శాత్రులుగారా! ఒరేయ్, ఆపండ్రా!"

"ఆపవలదు. కప్పు పూర్తియగుదనుక నేనిచ్చట నిలుతును. అబ్బులూ, నే నొకటి యడుగవచ్చితిని, కాని..." యని శాస్త్రులవారు మఱల నాకులవైపు దిరిగిరి.

అబ్బులు తలపాగ తీసి చేతబట్టుకొని, "తవరడగక్కర్లేదండి. ఇరవయ్యేళ్ళపాటు మా సుక్కయ్య ఈ లంకలో ఎక్కని కప్పు లేదు. ఎవరింటికెళ్ళినా, ఇది నా సెయ్యి కాదురా, శాత్రులుగారి సెయ్యి అనేవోడు. ఆ సెయ్యిని బట్టే మేం తవరిల్లు నేసేవోళ్ళం. ఈ ఏడు తవరింటి మనిసి రాలేదు. తవర్ని రమ్మనడానికి మాకు నోరాడలేదు. ఆఖరి వొంతు తవరికని అట్టేపెట్టామండి, రేపే అది. ఇయ్యాల్టికి కూడా ఎవరూ రాకపోతే ఆ వొంతు పోయినట్టే. ఏం సెయ్యమంటారు, కట్టుబాటు కట్టుబాటే కదండీ" యనెను.

శాస్త్రులవారికి కన్నులు చెమర్చెను. ఇరువదియేండ్లు తన తలపై నీడ నిలిపిన చేయి యొకటి తన పేరనే యూరంతయు దిరుగుచుండగా, తాను దానిని మామిడిపూతయని తలచిరి. చుక్కయ్య బ్రతికియుండగా నొక్క మంచిమాటయైన ననలేదే యని సిగ్గుపడి, ఆ సిగ్గుతోనే మఱియొక యాకు వంగి యెత్తిరి.

మఱునాడు సూర్యోదయమునకే లంక లంకయు శాస్త్రులవారి ముంగిట నిలిచెను. త్రిపురాంబ మజ్జిగకుండలతో పరుగులు పెట్టెను. శాస్త్రులవారు నిచ్చెన క్రింది చోటు నెవ్వరికి నీయక తామే నిలిచి, పైనున్నవాడు తడసినప్పుడు "ఏమిరా, నిద్రపోవుచుంటివా?" యని కేకలు గూడ వేసిరి. ఆ గ్రాంథికపు కేకలకు కప్పుపైవారు కడుపుబ్బ నవ్విరి. సాయంకాలమునకు పచ్చియాకు వాసనతో నిల్లు కొత్తపెండ్లికూతురివలె నిలిచెను.

మూడవనాటి యపరాహ్ణమున తొలకరి విరుచుకొని పడెను. భార్యాభర్త లిద్దఱును నటుకపైకెక్కి ప్రతి బుట్టను తడిమి చూచిరి. ఒక్క చుక్కయైన దిగలేదు. శాస్త్రులవారు తృప్తితో హెల్పు చీటిని దీసి కలము పట్టబోయిరి. కాని కోసికొనిపోయిన వ్రేళ్ళకు పసుపుగుడ్డలు చుట్టియుండుటచే కలము నిలువకుండెను.

ఆయన కలమును భార్యవైపు సాచి, "త్రిపురా, ఒక చేయి వేయుదువా?" యని యడిగిరి.

నలువదియేండ్ల కాపురమున భర్త తన్నిట్లడుగుట యదియే ప్రథమము. చీటులు సర్ది సర్ది యక్షరములు నేర్చిన యా యిల్లాలు పసుపంటిన చేతితో కలము పుచ్చుకొని, నాలుక పంటబట్టి, పదునేడు పదముల క్రింద పెద్దపెద్ద వంకరయక్షరములతో చెయ్యి వెయ్యడం అని వ్రాసి, "సరిగ్గా ఉందాండీ?" యనెను.

చేయి వేయుట యని దిద్దవలెనని శాస్త్రులవారి పెదవులు కదలెను. అంతలో క్రొత్తకప్పుపై వాన హోరెత్తెను. ఆయన యా హోరును విని, "సరిగానే యున్నది" యని పలికి, పసుపుమరక యింకను నాఱని యా చీటిని బుట్టలో నన్నిటికంటె పైన నుంచిరి.