ఆఖర్న చెప్పే మాట

కర్నూలు బస్టాండు వెనక ఒక గదిలో స్పోకెన్ ఇంగ్లీషు చెప్తాను నేను. పన్నెండేళ్లుగా అవే ప్రశ్నలు. సారీకీ ఎక్స్‌క్యూజ్ మీకీ తేడా ఏంటి మేడం? చిన్నవాళ్లకు కూడా ప్లీజ్ అనాలా? థ్యాంక్స్ ఎవరెవరికి చెప్పాలి? ఒకరోజు విసుగెత్తి, "అందరికీ చెప్పండి. ఇంట్లోంచే మొదలుపెట్టండి. అదే హోంవర్కు!" అని కసిరాను.

నాలుగు రోజులకు ఒక పెద్దామె ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. చంకలో ఏడాది పిల్ల. వెనకే తల దించుకుని నా విద్యార్థిని యశోద. ఓర్వకల్లు దగ్గర పల్లె వాళ్లది. భర్త పోయి ఏడాది కాలేదు. శుక్రవారం కర్నూలులో ఒక హోటల్ రిసెప్షన్‌లో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. ఈ పెద్దామె యశోద అత్త, నాగక్క. చంకలోది మనవరాలు.

"మా కోడలికి పొయ్యే బుద్ధి నువ్వేనా నేర్పించింది?" అంది వస్తూనే.

నాకు తల తిరిగిపోయింది. "ఎక్కడికి పోతుందమ్మా?"

"నాకేం తెలుసు? నీళ్లు తోడితే థ్యాంక్స్. సంగటి పెడితే థ్యాంక్స్. మా పొదుపు సంఘం మీటింగులో అంతా అయిపోయినాక, ఆఖర్న లేసి చెప్తారు థ్యాంక్స్. చెప్పినాక ఎవురిండ్లకు వాళ్లు పోతారు. కొడుకెట్లా పాయ. ఈళ్లిద్దరూ పోతే నేనెవురి కోసం పొయ్యి ముట్టియ్యల్ల?"

నా పన్నెండేళ్ల పాండిత్యం అటకెక్కింది. నన్ను నేనే తిట్టుకున్నాను.

యశోద ఏడుస్తోంది. "అది హోంవర్కు అత్తా. పోతావా అని నన్నే అడగకూడదా?"

"అడిగితే ఔనంటావేమోనని బయమైతాండె," అంది నాగక్క.

"నిన్నిడిచిపెట్టి యాడికి పోతా? కావాలంటే ఆ ఇంటర్వ్యూకే పోను."

"ఎందుకు పోవు? పోవల్ల. పాపను నేను చూసుకుంటా."

తప్పు చేసింది నేను కదా, శుక్రవారం నేనూ వెళ్లాను. హోటల్ బయట అరుగు మీద నాగక్క పక్కన కూర్చున్నాను. పిల్ల నా వాచీని పీకుతోంది. మధ్యాహ్నం దాటాక యశోద వచ్చింది. ఉద్యోగం వచ్చిందని ముఖమే చెప్పింది. వస్తూనే అత్త పక్కన కూలబడి, చెప్పులు విడిచి కాళ్లు చాపుకుంది.

"ఆకలైతాంది అత్తా. ఏం తెచ్చినావు? తొందరగా పెట్టు."

నాగక్క కళ్లు తుడుచుకుంది. "నిలువు తల్లీ, శానా తొందర నీకు," అని మురిసిపోతూ డబ్బా మూత తీసి, జొన్నరొట్టె మీద చెనిక్కాయల పొడి వేసి ఇచ్చింది. ఆ కసురులో ఎంత ప్రేమ ఉందో చూస్తే నాకు ఈర్ష్యగా అనిపించింది. నాకంటూ వండిపెట్టేవాళ్లెవరూ లేరు.

నేను వెళ్లొస్తానని లేచాను.

"యాడికి? కూచో," అంది నాగక్క, ఇంకో రొట్టె తుంచుతూ. "నీకు వేరేగా చెప్పల్లనా?"

నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, చెయ్యి చాపాను.