ఉప్పు ఐసులో మోచెయ్యి

హలో, అందరికీ వినబడుతోందా అండీ? సరే, టీ పక్కన పెట్టుకుని కూర్చోండి. జపాన్ ఉత్తరపు కొసన ఉన్న మా అబాషిరి రేవులో జరిగిన సంగతి ఒకటి చెబుతాను.

వలలు బాగుచేసే షిగెహారుకి నలభై ఆరేళ్లు. రేవు సంఘం బేస్‌బాల్ జట్టులో బంతి విసిరేది అతనే. ఎదురుగా గొంతుక్కూర్చుని పట్టేది నోజావా. ఇరవై రెండేళ్ల జోడీ అది. మే నెల మొదటి మ్యాచ్ ఆడేసి నోజావా దక్షిణాన ఎక్కడో దూరంగా ఉన్న ఒకినావాలో పనికి వెళ్లిపోతున్నాడు. ఆ రోజు ఒక్క ఇన్నింగ్సైనా అతనికి విసరాలని షిగెహారు చలికాలమంతా తపించాడు.

చెయ్యి చల్లబడనివ్వకూడదని చిన్నప్పుడు కోచ్ నేర్పాడు. అందుకే ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చొక్కాతోనే పడుకునేవాడు. సముద్రం ఒడ్డున పుట్టి ఒక్కసారీ ఈదలేదు. అలాంటివాడికి ఏప్రిల్ సాధనలో మోచెయ్యి పోటు పెట్టింది. ఇప్పుడందరూ ఐసే పెడుతున్నారని జట్టులో ఎవరో అన్నారు. రేవులో ఐసుకి కొదవా? చేపల పెట్టెలో మోచెయ్యి దూర్చి ముప్పావుగంట కూర్చున్నాడు. అది ఉప్పు కలిపిన ఐసు, మామూలు ఐసు కంటే ఎన్నో రెట్లు కొరుకుతుంది. ఆ సంగతి చేపల విషయంలో అతనికి బాగా తెలుసు, తన చెయ్యి విషయంలో తట్టలేదు. నొప్పి పోయిందని సంబరపడ్డాడు కూడా. బయటికి తీస్తే చర్మం మైనంలా తెల్లగా ఉంది. మర్నాటికి బొబ్బలు. చిటికెనవేలు, ఉంగరంవేలు మొద్దుబారిపోయాయి.

చలికి నరం దెబ్బతిందని, కోలుకోవడానికి నెలలు పట్టొచ్చని, అప్పటిదాకా బంతి ముట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట అతను ఎవరికీ చెప్పలేదు.

మ్యాచ్ రోజు సముద్రం మీంచి చలిగాలి కొడుతోంది. షిగెహారు చొక్కా మార్చుకుని సిద్ధంగా నిలబడ్డాడు. గుండీలు మూడు వేళ్లతోనే పెట్టుకోవడం గమనించిన నోజావా అతన్ని పక్కకి తీసుకెళ్లి కళ్లు మూసుకోమన్నాడు.

"ఇప్పుడు నీ చేతిలో ఏం పెట్టానో చెప్పు."

"పెట్టు ముందు."

"పెట్టి చాలాసేపైందిరా."

కళ్లు తెరిస్తే ఆ రెండు వేళ్ల మధ్య వల అల్లే సూది ఉంది. ముప్పై ఏళ్లుగా రోజూ పట్టుకునే సూది.

"మిగతా మూడు వేళ్లతో విసురుతాను. నువ్వు వెళ్లిపోతున్నావు కదరా," అన్నాడు షిగెహారు.

"విసురుతావు. లోపల ఏదైనా తెగితే నీకు తెలియనే తెలియదు. నేను ఒకినావాలో కూర్చుని ఆ ఒక్క బంతినే తిట్టుకుంటూ ఉండాలా? పోయి కూర్చో, ముసలోడా."

షిగెహారు బెంచీ మీద కూర్చుని, ఓ పాత బంతి ఒళ్లో పెట్టుకుని దుప్పటి కప్పుకున్నాడు. అతని బదులు జట్టులోని కుర్రాడు తకుమా విసిరాడు. నోజావా ప్రతిసారీ ఎలాంటి బంతి వెయ్యాలో వేళ్లతో సైగ చేసేముందు అలవాటుగా బెంచీ వైపు చూశాడు. షిగెహారు ప్రతిసారీ తలూపాడు.

చివరి ఇన్నింగ్స్‌లో నోజావా నాలుగు వేళ్లు చూపించాడు. తకుమా అర్థం కాక తెల్లమొహం వేశాడు. నెమ్మదిగా వచ్చి చివర్లో వంగే బంతి అది, షిగెహారు ఒక్కడే విసరగలిగేది. షిగెహారు తలూపాడు. దుప్పటి కింద వేళ్లు ఆ బంతి కుట్ల మీదికి వాటంతటవే వెళ్లాయి. మూడు వేళ్లకి కుట్లు తగిలాయి. మిగతా రెంటికీ తగులుతాయేమోనని అతను మ్యాచ్ అయిపోయాక కూడా అలాగే చూస్తూ కూర్చున్నాడు.

మీ ఇంట్లో, మీ వీధిలో బంతి విసిరేవాళ్లుంటే ఈ కథ వాళ్లకి పంపండి. ఐసుకీ చర్మానికీ మధ్య తువ్వాలు వేసుకోమని, పావుగంటలో తీసెయ్యమని నా మాటగా చెప్పండి.