గోడ వారన నిలబెట్టిన రాళ్ళు

ఈస్టర్ వెళ్ళిన శనివారం హెస్టర్ గాలప్ బస్సు దిగి, ప్రిమ్‌రోజ్ మొక్కల బుట్టతో అప్పర్ లిడ్‌కోమ్ చర్చి గేటు తోసుకుని లోపలికి వచ్చింది. చిన్నతనంలోనే పోయిన తమ్ముడు ఆల్బీ సమాధి మీద ఏటా మొక్కలు నాటి, పాత స్నేహితురాలు క్వీనీ ఇంట్లో టీ తాగి, సాయంత్రం బస్సుకు బ్రిస్టల్ వెళ్ళిపోవడం ఆమెకు అలవాటు.

ఈసారి చర్చికి ఉత్తరం వైపు తిరిగేసరికి కాళ్ళు ఆగిపోయాయి. అక్కడ సమాధి రాయి ఒక్కటీ లేదు. నున్నగా కోసిన పచ్చిక, దాని మీద తెల్లటి పందిరి, పందిరి కింద బల్లలు. రాళ్ళన్నీ తప్పు చేసిన బడిపిల్లల్లా ప్రహరీ గోడ వారన వరసగా నిలబడి ఉన్నాయి. దక్షిణం వైపు మాల్‌ఫోర్డ్ దొరల పాలరాతి సమాధులు మాత్రం ఇనుప కంచెలతో సహా ఉన్నచోటనే ఉన్నాయి.

ఆల్బీ రాయిని వరస చివర, ముఖం గోడకు తిప్పి ఆనించారు. అది కొన్న రాయి కాదు. ఆల్బీ దొరగారి గడ్డి బండి కింద పడి పోయినప్పుడు, నాన్న ఇంటి ముందరి మెట్టు రాతిని పెకలించి, ఉలితో పేరు చెక్కి, భుజాన మోసుకొచ్చి పాతాడు. నాన్న పోయాక, పనివాళ్ళకని దొరగారిచ్చిన ఇల్లు దొరగారికే వదిలేసి వాళ్ళు పట్నం చేరారు. ఆ ఊళ్ళో గాలప్ వాళ్ళకంటూ మిగిలింది ఆ రాయొక్కటే.

హెస్టర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

పందిరి దగ్గర రూపర్ట్ వెంట్‌నర్ కుర్చీలు సర్దిస్తున్నాడు. లండన్ నుంచి వచ్చి దొరగారి పాత భవంతి కొనుక్కుని, చూస్తూండగానే చర్చి పెద్ద అయిపోయిన మనిషి.

"ఈ పని ఎవరు చేశారండీ?"

"రాళ్ళ సంగతా? గడ్డి కోయడానికి అడ్డమమ్మా. మధ్యాహ్నం ఇక్కడ పెళ్ళి. ఇప్పుడెంత అందంగా ఉందో చూడండి."

"వాటి కింద మనుషులున్నారు."

"వాళ్ళనేం కదపలేదు కదా! చర్చి తలుపుకు నెల్లాళ్ళు నోటీసు అంటించాం. ఎవరూ కాదనలేదు."

"మీ తలుపు చదవడానికి నేను వారం వారం బస్సెక్కి రావాలా? దొరల సమాధుల దగ్గర గడ్డి మొలవదా?"

"అవి చారిత్రకమైనవి. చూడ్డానికి జనం వస్తారు."

"మరి నేనెవర్ని చూడ్డానికొచ్చాను?"

వెంట్‌నర్ నవ్వాడు. "కాస్త టీ తాగండి, కోపం అదే చల్లబడుతుంది."

హెస్టర్ బుట్ట అక్కడే పెట్టి, విసవిసా క్వీనీ ఇంటికి నడిచింది.

"నీ కళ్ళెదుటే జరిగిందిగా. నోరెందుకు పెగల్లేదే నీకు?"

క్వీనీ తల దించుకుంది. "వాళ్ళు చదువుకున్నోళ్ళు. మీటింగులో నేను లేచి నిలబడేలోపే ఓటేసేశారు. మా అమ్మ రాయీ అక్కడే ఉంది హెస్టర్. చూడలేక చుట్టూ తిరిగి వెళ్తున్నా."

"ఏడవడం తర్వాత. నీ తోపుడు బండీ పారా ఇటు తే."

"ఈ వయసులోనా? నడుం పట్టేస్తుందే!"

"పడితే నా నడుమేగా. వస్తావా, టీ కాస్తూ కూర్చుంటావా?"

క్వీనీ వచ్చింది. ఇద్దరూ రొప్పుతూ ఆల్బీ రాయిని బండిలోకి దొర్లించి పందిరి కిందికి తోసుకొచ్చారు. చర్చి గోడలోని చిన్న నీలం అద్దాల కిటికీకి సరిగ్గా ఎదురుగా హెస్టర్ ఇన్నేళ్ళూ ఆల్బీ దగ్గర మోకరిల్లింది. ఇప్పుడక్కడ కేకు బల్ల ఉంది. దాన్ని పక్కకి లాగేసి పార దించింది.

"ఆపండి! పోలీసుల్ని పిలుస్తాను!" అని అరిచాడు వెంట్‌నర్.

"పిలవండి. ఊళ్ళో స్టేషన్ ఎప్పుడో అమ్మేశారుగా. వాళ్ళొచ్చేసరికి మా పనైపోతుంది."

అప్పుడే కారు దిగి ఫాదర్ ఐవర్ పరుగున వచ్చాడు. ఐదూళ్ళ చర్చిలు చూసుకునే కుర్రాడు.

"మీ బాధ నాకర్థమైందమ్మా. సోమవారం కూర్చుని మాట్లాడుకుందాం."

"సోమవారం నేనుండను. మా తమ్ముడుంటాడు. వాడితో మాట్లాడతారా? అవునూ, రాళ్ళు తీసెయ్యమని సంతకం పెట్టేముందు ఒక్క రాయి మీదైనా పేరు చదివారా ఫాదర్?"

అతని ముఖం ఎర్రబడింది. గుంటలోకి తొంగి చూసి, "ఆ ఒక్కటీ ఉండనివ్వండి, వెంట్‌నర్ గారూ" అన్నాడు.

"ఒక్కటా?" అంది హెస్టర్.

రాయి నిలబెట్టి, చుట్టూ మట్టి తొక్కి, మొక్కలు నాటింది. కోపం మాత్రం పిసరంత కూడా తగ్గలేదు. తిన్నగా మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళింది. క్వీనీ వాళ్ళమ్మ రాయి నిలువెత్తుది. ఇద్దరూ ఎంత గుంజినా కదల్లేదు.

మీటింగులో నోరు తెరవని క్వీనీ ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. "ఏం ఫాదర్, చూస్తూ నిలబడ్డారే? కోటు విప్పి ఇటొచ్చి ఓ చెయ్యెయ్యండి!"

ఫాదర్ కోటు విప్పాడు. పందిరి వేసిన మనుషులిద్దరు, ఎవరూ పిలవకుండానే, అతని వెనకే వచ్చారు. వెంట్‌నర్ ఎవరికో ఫోన్ చేస్తూ గేటు వైపు నడిచాడు.

ఆ రాయి నిలబడ్డాక హెస్టర్ మరో రాయి మీద చెయ్యి వేసింది. దాని మీద పేరు సెత్ డిబుల్. దొరగారి పనులూ ఇళ్ళూ చూసే మేస్త్రీ. నాన్న పోయిన వారానికే గాలప్ వాళ్ళ సామాన్లు వర్షంలో రోడ్డు మీదికి విసిరేసినవాడు.

"వీడికెందుకే?" అంది క్వీనీ.

"వాడు వెధవే. అయినా వాడి పేరు వాడి మీదే ఉండాలి. పట్టు."