ఐదు కళావర్లు

పొద్దున్నే కాఫీ కలిపి తమ్ముడి ముందు పెట్టి, పంచదార సరిపోయిందా అని అడిగేది అక్క. "ఒక డైమను" అంటే సరిపోయిందని. "ఒక కళావరు" అంటే ఇంకో చెంచా వెయ్యమని. ఆ తర్వాత ఆమె వెళ్ళి కింద తన కళ్ళజోళ్ళ కొట్టు తెరిచేది, అతను గొడుగు తీసుకుని నీటి సరఫరా ఆఫీసుకి బయల్దేరేవాడు.

అతని మాటలు పోయి చాలా ఏళ్ళయింది. ఒక సోమవారం నిద్ర లేచేసరికి, బ్రిడ్జి పేకాటలో వేలంలా పాడే పాటలు తప్ప నోట్లో ఇంకేమీ మిగల్లేదు. ఒక కళావరు మొదలు ఏడు నో ట్రంప్ దాకా, పాస్, డబుల్, రీడబుల్. అంతే. కలం పట్టుకున్నా కాగితం మీదికి అవే వచ్చేవి. డాక్టరు టార్చి వేసి చూసి గొంతు శుభ్రంగా ఉందన్నాడు, ఎందుకైనా మంచిదని దగ్గు మందు రాశాడు. ఆఫీసులో అతని పని భూమి కింది పైపుల పటాలు గీయడం. గీతలకి మాటలతో పనేముంది? వీధుల పేర్లు పక్క బల్లవాళ్ళు రాసిపెట్టేవాళ్ళు.

ఊరికంతటికీ అక్కే అతని దుబాసీ. మంగలి దగ్గర అతను "రెండు డైమన్లు" అంటే, వెనక కాస్త తగ్గించమంటున్నాడని చెప్పేది. అప్పుడప్పుడూ తన సొంతం కూడా కొంచెం కలిపేది. చుట్టాలు పెళ్ళికి పిలవడానికి వస్తే అతను "డబుల్" అనేవాడు. ఎదుటివాళ్ళు పాడిన పాట నెగ్గదని సవాలు చేసే మాట అది. "తప్పకుండా వస్తానంటున్నాడు" అనేది అక్క, మొహంలో నవ్వు చెదరకుండా.

ఆదివారం మధ్యాహ్నాలు లాండ్రీ మీది గదిలో పేకాట క్లబ్బు. ఇస్త్రీ ఆవిరి నేల సందుల్లోంచి పైకొచ్చి ముక్కలు కాస్త మెత్తబడేవి. అక్కా తమ్ముళ్ళు ఒక జట్టు. ఎదురు జట్టులో పశువుల డాక్టరు, డ్రైవింగ్ స్కూలు ఆవిడ. ఆ బల్ల దగ్గర ఎవరైనా పాటలతోనే మాట్లాడాలి కాబట్టి, లోకంలో తమ్ముడికి ఏ లోటూ లేని చోటు అదొక్కటే.

పాటల్లోకెల్లా అతనికి ఇష్టమైనది నాలుగు నో ట్రంప్. దానర్థం తురుపు వద్దని కాదు. మనం పెద్ద ఆటకి వెళ్ళొచ్చేమో, ముందు నీ చేతిలో ఆసులెన్నో నిజం చెప్పు అని భాగస్వామిని అడగడం. ఒకటుంటే ఐదు డైమన్లు, రెండుంటే ఐదు ఆఠీన్లు, మూడుంటే ఐదు ఇస్పేట్లు. ఐదు కళావర్లంటే మాత్రం ఒక్కటీ లేదని, లేదా నాలుగూ ఉన్నాయని. ఏదన్నది అడిగినవాడే అంతకుముందు జరిగిన పాటను బట్టి పోల్చుకోవాలి. ఆ తర్వాత ఎంతదాకా వెళ్ళాలన్న నిర్ణయం కూడా అతనిదే. జవాబు చెప్పినవాళ్ళు ఇక దాన్ని కదపకూడదు.

ఆ సంవత్సరం వానలు వెనకబడ్డాయి. ఒక సాయంత్రం పశువుల డాక్టరు కళ్ళు పరీక్ష చేయించుకోవడానికి కొట్టుకొచ్చాడు. గడ్డం యంత్రం మీద ఆనించి, ఎదురుగోడ మీది అక్షరాలు పెద్దవాటినుంచి చిన్నవాటిదాకా చదివాడు. ఆఖరి వరస సగంలో ఆగి, సరస్సు దగ్గరి ఊళ్ళో డెయిరీ వాళ్ళు తనకి ఉద్యోగం ఇచ్చారని, నెలాఖరుకి వెళ్ళిపోతున్నానని చెప్పాడు.

"మీరు కూడా నాతో వస్తే బాగుంటుందని అనుకుంటున్నాను. పెళ్ళి చేసుకుందామనే అడుగుతున్నాను" అన్నాడు, తల యంత్రంలోంచి తియ్యకుండానే.

అక్క కటకం మార్చింది. మళ్ళీ మార్చింది. చివరికి, తను వెళ్ళిపోతే తన తమ్ముడి మాట ఎవరికి అర్థమవుతుందని అడిగింది. ఆయన బలవంతపెట్టే మనిషి కాదు. కొత్త అద్దాలు ఎప్పుడిస్తారని మాత్రం అడిగి వెళ్ళాడు.

తమ్ముడికి ఆమె ఏమీ చెప్పలేదు. కానీ ఆ ఆదివారం అతను నాలుగు నో ట్రంప్ అని అడిగితే ఐదు డైమన్లంది. ఒకే ఆసు కదా అని అతను చిన్న ఆటతో సరిపెట్టుకున్నాడు. పాట అతనికి ఖాయమయ్యాక ఆమె తన ముక్కలు బల్ల మీద పరిచింది. బ్రిడ్జిలో డమ్మీ అంటారే, అలా: పాడినవాడి భాగస్వామి ముక్కలన్నీ విప్పి పెట్టేస్తే, రెండు చేతులూ అతనొక్కడే ఆడతాడు. పరిచిన ముక్కల్లో ఆసులు రెండున్నాయి.

ఇన్నేళ్ళలో అక్క ఆసు దాచడం అదే మొదలు. తమ్ముడు ఆ రెండో ఆసు వైపు చూశాడు. తలెత్తి అక్క వైపు చూశాడు. అక్క పశువుల డాక్టరు వైపు చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతోందో కూడా చూశాడు. ఆ తర్వాత ఆట ఆడేశాడు.

తర్వాతి ఆదివారం డాక్టరుకి అదే ఆఖరి ఆట. ఆట అయిపోయింది, ముక్కలు పెట్టెలోకి వెళ్ళిపోయాయి. ఇకమీదట తన జట్టు ఎవరని డ్రైవింగ్ స్కూలు ఆవిడ సణుగుతోంది. డాక్టరు కోటు కోసం లేవబోతున్నాడు. అప్పుడు తమ్ముడు ఖాళీ బల్ల మీద రెండు చేతులూ ఆనించి, అక్క కళ్ళలోకి చూస్తూ అన్నాడు.

"నాలుగు నో ట్రంప్."

డాక్టరు మళ్ళీ కూర్చున్నాడు. అడుగుతున్నది పేకముక్కల సంగతి కాదని ఆ బల్ల దగ్గర అందరికీ తెలిసింది. అబద్ధం చెప్పకూడని ప్రశ్న అది. మొన్న చెప్పినందుకు అక్కకి ఇంకా సిగ్గుగానే ఉంది.

ఆమె తన ఖాళీ చేతులకేసి చూసుకుంది. జుట్టు నెరిసింది, మోకాళ్ళు పట్టేస్తున్నాయి, పగలంతా కొట్టు, తర్వాత వంట. ఈ వయసులో ఒకరి ఇంటికి పట్టుకెళ్ళడానికి తన దగ్గరేముంది? నిజంగానే ఏమీ లేదనుకుంది.

"ఐదు కళావర్లు" అంది.

తమ్ముడు చాలాసేపు ఆలోచించాడు. ఒక్కటీ లేదనా, నాలుగూ ఉన్నాయనా? వెనకటి పాటంతా మనసులో ఒకసారి తిప్పుకున్నాడు. మాటలు పోయిన ఆ సోమవారం ఏడవకుండా పక్కన కూర్చుని, కాఫీలో పంచదార చెంచాచెంచాగా వేస్తూ ఏ పాటకి ఏ అర్థమో కూర్చిన మనిషి ఈవిడ. ఏమీ లేని చెయ్యి అలా పాడదు. అతను నిటారుగా కూర్చున్నాడు.

"ఏడు ఆఠీన్లు."

గుండె గుర్తున్న ఆఠీను రంగులో అంతకు మించిన పాట లేదు. పదమూడు పట్లూ గెలుస్తానని, ఒక్కటి పోయినా అంతా పోయినట్టేనని పాడడం.

"పాస్" అంది డ్రైవింగ్ స్కూలు ఆవిడ, గొంతు తగ్గించి.

వంతు అక్కది. "నీకు వండుకోవడం కూడా రాదు కదరా" అంది. "మంగలి దగ్గర ఏం చెబుతావు? జ్వరమొస్తే ఎవర్ని పిలుస్తావు?"

తన వంతు కాదు కాబట్టి తమ్ముడు ఏమీ అనలేదు.

"మీరు పాడాలండీ" అని మెల్లగా గుర్తు చేసింది ఆవిడ.

అక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పాస్" అంది. డాక్టరు కుర్చీ ముందుకి జరుపుకుని తనూ "పాస్" అన్నాడు.

మూడు పాస్‌లు పడ్డాయి. ఇక పాట మారదు. అక్క తన రెండు అరచేతులూ బల్ల మీద వెల్లకిలా పరిచింది. తమ్ముడు వాటిని ముక్కల్ని చూసినంత శ్రద్ధగా చూసి, ఒకసారి నిమిరి వదిలేశాడు. చెయ్యి పరిచేశాక డమ్మీకి బల్ల దగ్గర పనుండదు. లేచి ఎక్కడికైనా వెళ్ళొచ్చు. అక్క లేచింది.

హడావిడి లేకుండా రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళయింది. సరస్సు ఊళ్ళో, డెయిరీకి వెళ్ళే రోడ్డు మీద, అక్క చిన్న కొట్టు తెరిచింది. ప్రతి ఆదివారం పొద్దున తమ్ముడికి ఫోన్ చేసేది. ఒక డైమను, ఒక కళావరు, రెండు డైమన్లు. అన్నం మాడిందని, క్షవరం అయిందని, ఆఫీసులో పైకప్పు కారుతోందని. ఫోను చెవి దగ్గరుండగానే భర్తకి అర్థం చెప్పేది, కొంచెం కలిపి.

ఒక ఆదివారం అతను "మూడు ఇస్పేట్లు" అన్నాడు.

అక్కకి తెలియలేదు. వాళ్ళిద్దరి మధ్యా ఆ పాటకి ఏ అర్థమూ పెట్టుకోలేదు. మళ్ళీ చెప్పమంది. కొత్తవాళ్ళకి చెప్పినట్టు ఓపిగ్గా, విడివిడిగా మళ్ళీ అన్నాడు.

"ఏమంటున్నాడు?" అని అడిగాడు డాక్టరు.

"తెలీదు" అంది అక్క. ఆ మాట తన నోట వినడం ఆమెకే కొత్తగా ఉంది.

అవతల ఎవరో నవ్వారు. ఫోను చేతులు మారింది. "కారు నేర్చుకుంటున్నాడండీ" అంది డ్రైవింగ్ స్కూలు ఆవిడ. "పొద్దున గేటు స్తంభాన్ని గుద్దాడు. తప్పు స్తంభానిదేనంటున్నాడు."

"నిజంగా అలాగే అన్నాడా, మీరేమైనా కలిపారా?"

"కొంచెం కలిపాను" అని ఒప్పుకుంది ఆవిడ.

ఫోను పెట్టేశాక అక్కకి కొంచెం ఏడుపొచ్చింది, కొంచెం ఆకలేసింది. ముందు ఆకలి సంగతి చూద్దామని భర్తని భోజనానికి పిలిచింది.