అంతరాయానికి చింతిస్తున్నాం

చెల్లెలికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే, అక్క ఇక ఎప్పటికీ మాట్లాడదేమోనని. రెండేళ్ల కూతురికి జ్వరమొస్తే మందుంది. దీనికేముంది?

అక్క నాటకాలకు తెరలు వేస్తుంది. నాటకాల హాలు వెనక రేకుల షెడ్డులో, గోడంత గుడ్డ మీద, నిచ్చెనెక్కి కోటలూ నదులూ వంటిళ్లూ వేస్తుంది. అక్కడ అందరికీ ఆమె తెరలక్క. చిన్నప్పటి నుంచీ నత్తి. మాట మొదలై, మధ్యలో గొంతు పట్టేసి, కాసేపు ఏ చప్పుడూ ఉండదు. తర్వాత వస్తుంది. వచ్చాక చక్కగా వస్తుంది. ఇంట్లోవాళ్లకిది అలవాటే గనక ఆ కాసేపూ ఎవరి పని వాళ్లు చేసుకుంటూ ఆగుతారు.

రోజూ పదింటికి రేడియోలో కళల కార్యక్రమం వస్తుంది. కొత్త నాటకాల మీద సమీక్షలు, కళాకారులతో ముఖాముఖి, అన్నీ లైవ్. అందులోకి అక్కను పిలిచారు. అక్క వద్దంది. పట్టుబట్టింది చెల్లెలే.

"ముప్ఫై నాటకాలకి తెరలు వేశావు. ఒక్కడన్నా నీ పేరెత్తాడా? వెళ్లక్కా!"

ఆ కార్యక్రమం నడిపే అనౌన్సరుకు ముందే ఫోన్ చేసి చెప్పింది కూడా.

"మా అక్కకి నత్తండీ. మాట ఆగుతుంది, కానీ వస్తుంది. కాస్త ఓపిక పట్టండి."

"అమ్మా, ఇరవై ఏళ్ల సర్వీసు నాది. గోడచేత కూడా మాట్లాడించగలను" అని నవ్వాడాయన.

ఆ రోజు చెల్లెలు కూతురికి అన్నం పెడుతూ రేడియో వింది. రెండు ప్రశ్నలు గట్టెక్కాయి. మూడోది, "ఈ కొత్త తెర మీద కిటికీ మూసే ఉంటుందేమండీ?"

"ఎం... ఎందుకంటే, ఆ..." అంది అక్క. ఆగింది.

చెల్లెలి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వస్తుంది, వచ్చేస్తుంది అనుకుంటోంది. వచ్చింది సబ్బు ప్రకటన పాట. పాట అయ్యాక అనౌన్సరు అతిథికి ధన్యవాదాలు చెప్పేసి ఇంకో విషయంలోకి వెళ్లిపోయాడు.

అక్కడితో వదిలేసినా బాగుండేది. మర్నాడు అదే నాటకం మీద సమీక్ష చదువుతూ, "తెరలు వేసే ఆవిడ నిన్న మన స్టూడియోలో నోటికి కూడా తెర వేసేసుకున్నారు" అని ఒక చమత్కారం విసిరాడు. సాయంత్రానికి హాలు ముందు టీకొట్టులో అందరి నోటా అదే. "ఏం తెరలక్కా, తెర ఎప్పుడు లేపుతావు?"

అంతే, అక్క నోరు మూతపడింది. చెల్లెలి కూతురితో అయితే తడబాటన్నది లేకుండా గలగలా మాట్లాడే మనిషి, పిల్ల "పెద్దమ్మా, పెద్దమ్మా" అని కొంగు లాగుతుంటే తల నిమిరి ఊరుకుంది.

నాలుగు రోజులు చూసింది చెల్లెలు. అయిదో రోజు అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్లను చంకనేసుకుని రేడియో స్టేషనుకు వెళ్లింది.

"తప్పు నాది కాదమ్మా" అన్నాడు అనౌన్సరు, స్టూడియో తలుపు బయటే నిలబెట్టి. "ఎనిమిది సెకన్లు చప్పుడు లేకపోతే యంత్రం దానంతటదే పాట వేసేస్తుంది. స్టేషను మూగబోకూడదు కదా."

"నేను చెప్పింది యంత్రానికి కాదండీ, మీకు. 'ఆలోచించుకోండి, తొందరేం లేదు' అని మీరొక్క మాటంటే ఆ యంత్రం ఊరుకునేదా, కాదా?"

ఆయన గడియారం చూసుకున్నాడు.

"గోడచేత మాట్లాడిస్తానన్నారు. మాట్లాడే మనిషిని గోడని చేసి పంపారు!"

"అరవకండమ్మా, లోపల వార్తలు నడుస్తున్నాయి. ఆవిణ్ని మళ్లీ తీసుకురండి. ఈసారి రికార్డు చేద్దాం. ఆగినవన్నీ కత్తిరించేస్తే ఎవరికీ తెలీదు."

"ఏం, తెలిస్తే మీ రేడియో పగిలిపోతుందా? అన్నీ కత్తిరించాక ఇక మిగిలేది మీ గొంతే."

"మరేం చెయ్యమంటారు?"

"రేపు పదింటికి చెప్పండి. ఆవిడ మాట్లాడుతూనే ఉన్నారు, మేమే పాట అడ్డం పెట్టాం అని."

కాగితం మీద రాయించింది. ఏడో తరగతితో ఆగిన చదువు ఆమెది. అయినా ఒక్కో అక్షరమే కూడబలుక్కుని, రెండుసార్లు చదివి మరీ కదిలింది.

మర్నాడు పదింటికి షెడ్డులో అక్క నిచ్చెన పక్కనే పిల్లతో కూర్చుంది. రేడియో మోగింది.

"గత వారం కార్యక్రమంలో కలిగిన అంతరాయానికి చింతిస్తున్నాం." వెంటనే ఒక పాటల కచేరీ మీద సమీక్ష మొదలైంది. అంతే.

"అంతరాయం ఎవరురా? పాటా, మా అక్కా?" చెల్లెలు రేడియో మీద విరుచుకుపడింది. పిల్ల జడిసి ఏడుపందుకుంది.

అక్క నిచ్చెన దిగి రేడియో కట్టేసింది. చెల్లెలి వంక చూసి నోరు తెరిచింది. మెడ నరాలు బిగుసుకున్నాయి. చెల్లెలు పిల్లను ఎత్తుకుని ఆగింది. ఎంతసేపు ఆగిందో ఆమెకే తెలీదు. అక్క నోరు మూసుకుని, కుంచె బకెట్లో పడేసి, గోడవైపు తిరిగి కూర్చుంది.

వెళ్లమని ప్రాణం తీసింది నేనే కదా అని చెల్లెలు తన్ను తాను తిట్టుకోని పూట లేదు. అనౌన్సరును తిట్టని పూటా లేదు.

అక్క మాట్లాడక ఇప్పటికి పదకొండు రోజులు. పిల్లతో చెల్లెలు పొద్దుటి పూట మాత్రమే వెళ్లగలుగుతోంది. మధ్యాహ్నాలు షెడ్డులో అక్క ఒక్కతే. అటువైపు వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే, హాలు వెనక గేటు తీసే ఉంటుంది, ఒక్కసారి ఆవిణ్ని చూసి రండి. రేడియో ఊసెత్తకండి. తిన్నారా అని అడగండి. అడిగి, ఆవిడ మాట ఆగినా మీరు అందుకోకుండా కూర్చోండి. ఎలా ఉందో చెల్లెలికి వచ్చి చెప్పండి.