ముందే వెళ్లిపోయిన చేతిరాత

రోజూ పొద్దున్నే ప్రేమమణి రెజిమెంటల్ బజార్‌లోని ఇంటి నుంచి పర్మిట్ ఆఫీసుకు నడిచి వెళ్లేది, మధ్యాహ్నానికి కాళ్లీడ్చుకుంటూ తిరిగొచ్చేది. మద్రాసులో లెక్కల బి.ఏ. చదివిన పిల్ల. ఆమె చేతిరాత చూసి ముచ్చటపడే, సింగపూర్‌లో ఒక బ్యాంకు లెడ్జర్లు రాసే ఉద్యోగమిచ్చింది. అక్టోబరు ఒకటికల్లా చేరాలి. అది నలభై ఎనిమిది, ఆగస్టు నెల. నిజాం సర్కారుకూ ఢిల్లీకీ చెడి ఉప్పు దొరకడమే గగనమైంది, ఇక దేశం దాటే పర్మిట్ సంగతి చెప్పాలా?

తప్పంతా తండ్రి దేవానందం మాస్టారిది. పర్మిట్ చేతికి రాకముందే వీడ్కోలు ప్రార్థన పెట్టించాడు. పాస్టరుగారికి ఆ గురువారం తప్ప తీరిక లేదన్నాడు. సంఘమంతా వరండాలో కూర్చుని, పాటలు పాడి, టీ తాగి, ఆమెను ఓడెక్కించి సముద్రం దాటించి ఆమెన్ అంది. పర్మిట్ మాత్రం రాలేదు. అయినా ఆదివారం గుడిలో దూరదేశాల్లో ఉన్న బిడ్డల జాబితాలో ఆమె పేరు చదివారు. నాలుగో బెంచీలో కూర్చున్న ప్రేమమణి అందరితోపాటు తలవంచి తనకోసం తానే ప్రార్థించుకుంది.

సోమవారం ఆఫీసులో ఇంకో దరఖాస్తు ఇచ్చారు. సంతకం పెట్టబోతే అక్షరం పడలేదు. కలంలో సిరా ఉంది, కాగితం తడిసింది, రాత మాత్రం లేదు. పెన్సిల్ పట్టినా గీతలే పడ్డాయి.

ఇంటికొచ్చి చెబితే, బియ్యంలో రాళ్లేరుతున్న తల్లి మేబెల్ తలెత్తలేదు.

"సాగనంపినం గదా బిడ్డా. నువ్వు పోకున్నా నీ చేతిరాతన్న పోయింది. చేరినంక ఉత్తరం రాస్తది తియ్యి."

పక్కింటి రోసమ్మకైతే వేరే బెంగ. "ఓడల వాంతులు గిట్ల అయితున్నయేమో, పాపం దానికి," అంది.

సెప్టెంబరులో విమానాలు తిరిగాయి. యూనియన్ సైన్యం బోయిన్‌పల్లి మీదుగా వచ్చింది. అయిదు రోజుల్లో అంతా అయిపోయిందన్నారు గానీ, పోస్టు రాలేదు, పర్మిట్టూ రాలేదు. ప్రేమమణికి విసుగు కూడా మిగల్లేదు.

"ఇగ నాతోని కాదు నాన్నా. ఎక్కడుంటే ఏంది?"

దేవానందం తన స్కూల్లోనే ఆమెకు పని మాట్లాడాడు. లోలోపల సంతోషపడ్డాడు, పైకి మాత్రం నిట్టూర్చాడు. హెడ్‌మిస్ట్రెస్ శారదమ్మ రిజిస్టరు తెరిచి కలమిచ్చింది. ఎంత నొక్కినా అక్షరం పడలేదు.

"వేలిముద్ర పెడత మేడం."

శారదమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "పెడితే పెట్టు తల్లీ. రేపు బోర్డు మీద పిల్లలకు ఏం రాసి చూపిస్తవు?"

ప్రేమమణి దారంతా ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది. పోలేక, ఉండలేక ప్రాణం ఉసూరుమంది.

అక్టోబరు చివర్లో సింగపూర్ ముద్రతో ఉత్తరమొచ్చింది. కవరు మీద తన దస్తూరీనే.

"ఒకటో తారీఖునే చేరాను. పద్దులు శుభ్రంగా ఉన్నాయని మేనేజరు మెచ్చుకున్నాడు. కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది, నీకోసం ఉంచారు. కానీ పట్టుకునే చెయ్యి లేక చాలా అలసిపోతున్నాను. త్వరగా రా."

ఆమె మూడుసార్లు చదివింది. అలసిపోయింది తానొక్కతే అనుకుంది ఇన్నాళ్లూ. మర్నాడు మళ్లీ క్యూలో నిలబడింది. కొత్త సర్కారు గుమాస్తాకు సంతకమైనా ఒకటే, వేలిముద్రైనా ఒకటే. బి.ఏ. చదివిన కూతురు బొటనవేలికి సిరా పూసుకుని కాగితం మీద నొక్కుతుంటే, దేవానందం మాస్టారు గోడకేసి చూశాడు.

ఈసారి పర్మిట్ వచ్చింది. స్టేషనుకు సంఘం నుంచి ఎవరూ రాలేదు. సాగనంపిన మనిషిని మళ్లీ సాగనంపరు. ఇంటి గడప దగ్గర తల్లి ముద్దు పెట్టి పంపింది, తండ్రి ఒక్కడే ప్లాట్‌ఫారం దాకా వచ్చాడు.

"చిన్న ప్రార్థనన్న చెయ్యి నాన్నా."

"వద్దు బిడ్డా. పోయినసారి చేసిందానికే ఇంత తక్లీఫ్ అయింది."

రైలు కదిలింది. కిటికీ అద్దం నిండా బొగ్గు ధూళి. ప్రేమమణి ఊరికే, ఏ ఆశా లేకుండా, అందులో వేలు పెట్టి గీసింది. పేరులో మొదటి అక్షరం పడింది, గుండ్రంగా, పాత దస్తూరీలోనే. ఆమె వెంటనే రెండోది రాసింది.

బయటి నుంచి అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయి. ముప్పయ్యేళ్లు కాపీలు దిద్దిన మాస్టారు బండితోపాటు నాలుగడుగులు నడిచి, కూడబలుక్కుని చదివాడు. అప్పుడు చెయ్యి ఊపాడు.