రత్నమణి లేని కాగితం

ఆ పిల్లోడు అట్ట, కాగితాలు పట్టుకుని వచ్చిన మొదటి రోజే రత్నమణికి ఒళ్లు మండిపోయింది. మెడలో తాడుకు గడియారం వేలాడేసుకుని అరగంటకోసారి ఆమె మొగుడు బాలస్వామిని తేరిపార చూడడం, ఏదో రాసుకోవడం. మనిషిని అట్లా వెంటాడుతుంటే ఏ పెళ్లానికైనా కడుపు రగలదా?

కర్నూలులో ఆ అపార్ట్‌మెంటు కట్టి ఎనిమిదేళ్లు. అప్పటినుంచీ బాలస్వామే వాచ్‌మన్, మెట్ల కింద గదే వాళ్ల ఇల్లు. రెండువేల ఏడు మార్చిలో ఫ్లాట్లవాళ్లు బిల్డింగు బాగోగులన్నీ ఒక కంపెనీకి అప్పజెప్పారు. కంపెనీ మేనేజరు రాఘవేంద్రప్రసాద్ వేసవి సెలవుల్లో ట్రైనింగని ఎంబీఏ పిల్లల్ని తెచ్చి బిల్డింగుకొకర్ని వదిలాడు. వీళ్ల నెత్తిన పడ్డవాడు హర్షవర్ధన్, కమలాపురం వైపు రైతుబిడ్డ. వాచ్‌మన్ రోజంతా ఏం చేస్తాడో రాసిస్తే వాడికి సర్టిఫికెట్టు. ఆ రిపోర్టును బట్టే బాలస్వామిని ఉంచేదీ తీసేసేదీ తేలుస్తారట. తీసేస్తే గదీ పోతుంది.

బాలస్వామి ఓర్వకల్లులో రాళ్లు కొట్టి మోకాళ్లు పోగొట్టుకున్నాడు. గేటు దగ్గర కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్లను ఆరా తీయడం వరకే అతని చేతనవుతుంది. నాలుగంతస్తుల మెట్లు ఊడ్చేది రత్నమణి, చెత్త ఎత్తేది రత్నమణి. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి బోరు. ఎండాకాలంలో అది నలభై నిమిషాలకు మించి పోయదు, ఒక్కోరోజు అరగంటకే చేతులెత్తేస్తుంది. పైపులో నీళ్ల చప్పుడు మారి దగ్గులా వినబడగానే పరిగెత్తి మోటారు ఆపాలి, లేకపోతే కాలిపోతుంది. ఆ చప్పుడు రత్నమణి చెవికి తప్ప ఇంకెవరికీ అందదు.

వారం రోజులు ఓపిక పట్టి, మెట్లు ఊడుస్తూనే అడిగేసింది.

"ఏమప్పా, నేను చేసేది గూడా రాస్తాండావా?"

హర్షవర్ధన్ తలెత్తలేదు. "నీది రాయమని చెప్పలేదమ్మా. వాచ్‌మన్ చేసేదే రాయల్ల."

"ఆయనకు చేతగాకనే గదా నేను చేస్తాండేది! కండ్లు యాడ పెట్టుకున్నావు?"

"ఫారంలో నీకు గడి లేదు. నన్నేం చేయమంటావు?"

"పెన్ను నీ చేతిలోనే ఉండాది గదా, ఇంకొక గీత గీస్తే నీ సొమ్మేం పోతాది?"

వాడు అట్ట చంకలో పెట్టుకుని పక్కకు జరిగాడు. చదువుకున్న మొద్దు! ఆమె చీపురు వాడి కళ్లముందే ఆడుతోంది. కానీ సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టాల్సింది రాఘవేంద్రప్రసాద్, రత్నమణి కాదు.

ఆదివారం పొద్దున కింద పార్కింగులో కుర్చీలేసి మీటింగు పెట్టారు. రత్నమణి మోటారు వేసి వచ్చి స్తంభం పక్కన నిలబడింది. హర్షవర్ధన్ గొంతు సవరించుకుని చదివాడు. గేటు దగ్గర కూర్చోవడం ఆరు గంటలు. కునుకు రెండు గంటలు. మెట్లు ఊడవడం, చెత్త తీయడం, మోటారు చూడడం, ఇవేవీ వాచ్‌మన్ చేయగా కనబడలేదు.

కుర్చీల్లో నవ్వులు. బాలస్వామి తల వంచుకున్నాడు.

"అవన్నీ నేను చేస్తాండా సారూ, ఎనిమిదేండ్ల నుంచి," అంది రత్నమణి. "కేశవయ్య సారును అడగండి, ఆయప్పకు తెలుసు."

బట్టలకొట్టు కేశవయ్య అసోసియేషను ప్రెసిడెంటు. ఆయన సెల్‌ఫోనులో ఏదో వెతుక్కోసాగాడు.

"నీకూ కంపెనీకీ సంబంధం లేదమ్మా. మధ్యలో మాట్లాడొద్దు," అన్నాడు రాఘవేంద్రప్రసాద్. "నెలాఖరుకు గది ఖాళీ చేయండి. కొత్త సెక్యూరిటీవాళ్లొస్తారు."

రత్నమణికి ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. హర్షవర్ధన్ వైపు తిరిగింది. "యాడన్నా ఒక మూల నా పేరుందా, ఆ కాగితంలో?"

వాడు మేనేజరు ముఖం చూశాడు. "లేదు," అన్నాడు.

సరిగ్గా అప్పుడే పైపు దగ్గింది.

ఎనిమిదేళ్ల అలవాటు, కాలు దానంతటదే ముందుకు పడింది. రత్నమణి ఆ కాలును వెనక్కి లాక్కుంది. స్తంభానికి ఆనుకుని చేతులు కట్టుకుంది. రాఘవేంద్రప్రసాద్ కొత్త సెక్యూరిటీ గురించి, వాళ్ల యూనిఫారాల గురించి చెప్పుకుపోతున్నాడు. పైపు మళ్లీ దగ్గింది, గురగురమంది, ఆగిపోయింది. ఎవరూ తలతిప్పలేదు. కాసేపటికి వైరు కాలిన కంపు, స్టార్టరు డబ్బాలోంచి పొగ.

"మోటారు! మోటారు కాలిపాయె!" కేశవయ్య కుర్చీ తోసుకుని లేచాడు. "ఈ మే నెలలో ఇరవై ఇండ్లకు నీళ్లెట్లప్పా?"

"మోటారు ఆపాల్సిందెవరు?" మేనేజరు కేక పెట్టాడు.

అందరూ రత్నమణి వైపే చూశారు. ఎనిమిదేళ్లలో అంతమంది ఆమెను ఒకేసారి చూడడం అదే మొదలు.

"నన్నడుగుతారేంది సారూ? ఆ అబ్బయ్యనడగండి, అంతా రాసినాడు గదా," అని, సామాన్లు సర్దుకోవడానికి గదిలోకి నడిచింది.

హర్షవర్ధన్ నిజంగానే కాగితాలు తిరగేయడం మొదలుపెట్టాడు.